వలందావారి జాజికాయ యంత్రం

మాస్టారు పోయారన్న సంగతి నాకు గుడివాడ బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు ఆయన దగ్గర బందరు కాలేజీలో చదువుకున్న పాత విద్యార్థి. బందరు చరిత్ర మొత్తం ఆయనతోనే పోయిందండీ అని బాధపడ్డాడు. నేనూ బాధపడ్డాను. కాకపోతే ఆ చరిత్రలో సగం పుట్టింది కూడా ఆయనతోనేనని తెలిసినవాణ్ణి కాబట్టి, నా బాధ కాస్త తక్కువలో సరిపెట్టుకున్నాను.

తొంభైల చివర్లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో, బందరులో ఆయన ఇంటి వీధివైపు వాటాలో అద్దెకుండేవాణ్ణి. అప్పటికే ఆయన చరిత్ర లెక్చరరుగా రిటైరయి, తెల్లపంచె, చేతుల బనీను, మెడలో తాడు కట్టిన భూతద్దంతో వరండాలో పడక్కుర్చీకి అంకితమైపోయారు. రిటైరయింది పాఠాలు చెప్పడం నుంచి మాత్రమే. ఊళ్ళో ఎవరింట అటక దులిపినా, ఎవరి పెరట్లో గొయ్యి తవ్వినా, బయటపడ్డ వస్తువు సాయంత్రానికల్లా ఆ వరండాకి చేరేది. అదేమిటి, ఎందుకు వాడేవారు, ఎన్నేళ్ళ నాటిది అని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. వస్తువు చూడకముందే ఉండేదని నా అనుమానం.

చూసే పద్ధతి కూడా ఆయనదే. ముందు వస్తువుని చెవి దగ్గర పెట్టుకుని వేలికణుపుతో కొట్టేవారు. తర్వాత వాసన చూసేవారు. ఆ తర్వాత, ఎవరు వారించినా వినకుండా, నాలుక చివరతో ఒకసారి తాకేవారు. ఇక కళ్ళు మూసుకుని "ఊఁ" అని దీర్ఘం తీసేవారు. ఆ దీర్ఘం ఎంత సాగితే వస్తువు అంత పాతదన్నమాట.

కాలనిర్ణయం చాలావరకు తెచ్చినవాళ్ళ ప్రవర్తన మీద ఆధారపడి ఉండేది. చెప్పులు మెట్ల కింద విడిచి, చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళ వస్తువు వలందావాళ్ళ కాలం నాటిది. ఒకప్పుడు బందరులో వ్యాపారం చేసిన డచ్చివాళ్ళని ఆయన ఎప్పుడూ వలందావాళ్ళనే అనేవారు, పెద్దమ్మ కొడుకుల గురించి చెప్పినంత చనువుగా. గడియారం చూసుకునేవాళ్ళ వస్తువులు ఇంగ్లీషువాళ్ళ కాలానికి దిగిపోయేవి. ఎదురు ప్రశ్న వేసినవాళ్ళవి మాత్రం రైలు వచ్చాక వచ్చినవి. ఇనుగుదురుపేట నుంచి ఒక సాయిబుగారు తమలపాకులు పెట్టుకునే ఇత్తడి పాన్‌దాన్ తెచ్చి, అంతా సవ్యంగా జరుగుతుండగా, దీన్ని మా నాయనమ్మ హైదరాబాదులో కొన్నదండీ అని నోరు జారారు. ఆ పాన్‌దాన్ పాపం ఒక్క మాటకి రెండు వందల ఏళ్ళు నష్టపోయి ఇంటికి వెళ్ళింది.

"బహుశా" అన్న మాటంటే ఆయనకి మంట. బహుశా అనేవాడు జాతకాలు చెప్పుకోవాలి గానీ చరిత్ర జోలికి రాకూడదనేవారు. అయి ఉండవచ్చు, కావచ్చు, అనుకుంటాను, ఇవేవీ ఆ వరండాలో వినపడకూడదు. ఒకసారి అన్నం తింటూ, చేతిలో ఉన్న పప్పు గరిటె పరాసులదని, అంటే ఫ్రెంచివాళ్ళదని తేల్చారు. అది మన పెళ్ళికి మా పెద్దమ్మ పెట్టిందండీ అన్నారు ఆయన భార్య. మీ పెద్దమ్మకి ఎవరు పెట్టారో నీకు తెలుసా అన్నారాయన. తెలియదని ఆవిడ ఒప్పుకున్నారు. చూశావా అన్నట్టు నావైపు తిరిగారు. ఆవిణ్ణి నేను పిన్నిగారని పిలిచేవాణ్ణి. పిన్నిగారు ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, మిగతా చదువంతా ఆ ఇంట్లో నోరు మూసుకుని విని నేర్చుకున్న మనిషి. ఎప్పుడైనా నోరు తెరిస్తే మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు.

అవనిగడ్డ అన్నదమ్ములు వచ్చింది ఒక వానాకాలంలో. అన్నకి యాభై ఉంటాయి, వ్యవసాయం. తమ్ముడికి బజార్లో ఎరువుల కొట్టు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చారు, మధ్యలో ఒక గోనెసంచి పెట్టుకుని. అప్పటికి వాళ్ళు అంత సఖ్యంగా ఉండేవారు. వంటింటి పెంకులు మారుస్తుంటే అటక మీద ఈ వస్తువు దొరికిందనీ, ఇదేమిటో ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ అంతు చిక్కలేదనీ చెప్పి సంచి విప్పారు.

పోత ఇనుముతో చేసిన యంత్రం. ఒళ్ళంతా తుప్పు. అడుగున సేమ్యా మిషనుకి ఉన్నట్టు బల్లకి బిగించుకునే మర ఉంది. పక్కన తిప్పే పిడి, దాని వెనక ఒకదాన్నొకటి పట్టుకున్న పళ్ళచక్రాలు, ముందువైపు మూడు మేకుల్లాంటి ముళ్ళు. వీటన్నిటి పక్కన కొంగ మెడలా వంగిన ఒక ఇనప చెయ్యి, దాని చివర చిన్న బ్లేడు. కొబ్బరి కోరేదని అన్న భార్య అన్నదట. నూలు చుట్టేదని తమ్ముడి మామగారు అన్నాడట. ఇద్దరి మాటలూ మాస్టారు చిరునవ్వుతో విని క్షమించారు.

ఆ రోజు దీర్ఘం ఎంత సాగిందంటే, అన్నగారు భయపడి నావైపు చూశాడు. కళ్ళు తెరిచాక మాస్టారు, ఇది జాజికాయ తురిమే యంత్రమన్నారు. మూడు వందల ఏళ్ళ నాటిది. ముళ్ళకి జాజికాయ గుచ్చి పిడి తిప్పితే బ్లేడు దాన్ని సన్నగా తురుముతుంది. ఈ జాజికాయ కోసం వలందావాళ్ళు సముద్రాలు దాటి యుద్ధాలు చేశారు, ఆ సంగతి మీకు తెలియదు, పోనీండి అన్నారు.

ఆ ముళ్ళ మధ్య ఎడం చూస్తే జాజికాయ నిలిచేలా లేదు. గుచ్చితే పగిలిపోతుంది. ఆ మాట నేను మెల్లిగా అన్నాను.

"ఆ కాలపు జాజికాయలు పెద్దవి" అన్నారు మాస్టారు.

ఇక ఇంత యంత్రం మామూలు రైతు ఇంటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న మిగిలింది. అన్నదమ్ములు ఆ ప్రశ్న అడగనే లేదు. అయినా ఆయన జవాబు చెప్పారు. వలందావాళ్ళకీ నవాబుకీ మధ్య మాటలు నడిపిన దుబాసీ ఇంట్లో తప్ప ఇటువంటిది ఉండడానికి వీల్లేదన్నారు. ఇంటిపేరు అడిగారు. వాళ్ళు చెప్పగానే, తను ఎదురుచూస్తున్నది అదేనన్నట్టు తల పంకించారు. అన్నదమ్ములు వచ్చేటప్పుడు రైతుబిడ్డలు, మెట్లు దిగేటప్పుడు దుబాసీ వంశీకులు. దిగుతున్నవాళ్ళని ఆపి, దీన్ని తుడవద్దు, నూనె పెట్టొద్దు, ఇది తుప్పు కాదు, కాలం, గీకారంటే మూడు వందల ఏళ్ళూ కింద రాలిపోతాయని హెచ్చరించారు.

వాళ్ళు బుద్ధిగా పాటించారు. యంత్రానికి ముందుగదిలో అద్దాల బీరువా చేయించారు. గేటు మీద దుబాసీ వారి ఇల్లు అని పసుపురంగుతో రాయించారు. ఒక ఆదివారం మాస్టార్ని కారులో తీసుకెళ్ళి, షామియానా వేసి, మైకు పెట్టి మాట్లాడించారు. నేనూ వెళ్ళాను. వలందావాళ్ళ ఓడలు కృష్ణ సముద్రంలో కలిసేచోట హంసలదీవి దగ్గర లంగరు వేయడం, దుబాసీ పడవ మీద ఎదురెళ్ళడం, తెరచాప చప్పుళ్ళతో సహా చెప్పారు. గజమాల వేశారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, దుబాసీగారి కళ్ళు పెద్దవిట అన్నారు నాతో. ఎవరు చెప్పారండీ అని అడిగాను. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ ఉండిపోయారు.

రెండేళ్ళ తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం పంచుకోవడం ఒక్క పూటలో తేలిపోయింది. ఇంటి మధ్య గోడ లేచింది. దాని గురించి కూడా మాటా మాటా రాలేదు. యంత్రం దగ్గర ఆగిపోయింది. పెద్దవాణ్ణి కాబట్టి దుబాసీ వస్తువు నాదన్నాడు అన్న. పేరున్న గేటు నీ వాటాకి వచ్చింది, కాబట్టి యంత్రం నాదన్నాడు తమ్ముడు. ఎవడు దుబాసీకి అసలు వారసుడన్న దగ్గర నోళ్ళు లేచాయి. అన్న కూతురి పెళ్ళికి గోడ అవతలి నుంచి తమ్ముడు రాలేదు. వాళ్ళావిడ అక్షింతలు గోడ మీద నుంచి పంపించిందని చెప్పుకున్నారు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ఇద్దరికీ రాజీ కుదిరేదాకా యంత్రం బందరు మాస్టారి దగ్గర ఉండాలని తీర్మానించారు. అలా అది మళ్ళీ మా ఇంటికొచ్చింది. దుబాసీ మీద అభిమానం అంత గాఢంగా ఉన్నందుకు మాస్టారు లోలోపల సంతోషించారని నాకు గట్టి నమ్మకం.

ఏడాదిపాటు అది వంటింటి అలమార మీద ఉంది. వాన కురిసినప్పుడల్లా తుప్పునీరు కిందికి కారి, ఆరేసిన అప్పడాల మీద పడేది. పిన్నిగారు ఓపికపట్టి, ఇక పట్టలేక, ఒక మధ్యాహ్నం మాస్టారు నిద్రపోతుండగా దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి కిరసనాయిల్లో నానబెట్టి, ఇటుకపొడితో తోమి, కొబ్బరినూనె రాశారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గట్టు మీద ఆరబెట్టి ఉంది. గుర్తుపట్టలేదు. ఆవిడ నన్ను పిలిచి, యంత్రం నడుముచుట్టూ తేలిన అక్షరాలు చూపించి చదవమన్నారు.

ఇంగ్లీషు అక్షరాలు, పోతలోనే పోసినవి. కంపెనీ పేరు కొంత అరిగిపోయింది. ఊరి పేరు అమెరికాది. సంవత్సరం పద్దెనిమిది వందల చివర్లోది. అప్పటికి వలందావాళ్ళు ఈ తీరం వదిలి వెళ్ళిపోయి తరాలు గడిచాయి. వీటన్నిటి మధ్యలో, ఒక్క గీత కూడా చెరగకుండా, యాపిల్ అని ఉంది.

మాస్టారు నిద్రలేచి వచ్చారు. మెరుస్తున్న యంత్రాన్ని చూసి, మూడు వందల ఏళ్ళూ కిరసనాయిల్లో కలిపేశావా అని పిన్నిగారి మీదికి వెళ్ళబోయి, మేము చూస్తున్న వైపు చూసి ఆగారు. భూతద్దం పెట్టి చదివారు. గుండ్రంగా తిప్పి మళ్ళీ చదివారు. కొట్టలేదు, వాసన చూడలేదు, నాలుక పెట్టలేదు. గట్టు మీద కూలబడ్డారు.

పిన్నిగారు నన్ను కోనేరు సెంటరుకి పంపించి ఒక యాపిల్ తెప్పించారు. వంటింటి బల్లకి యంత్రాన్ని బిగించి, ముళ్ళకి పండు గుచ్చి, మీరే తిప్పండి అని పిడి ఆయన చేతికిచ్చారు. మొదట కదల్లేదు. ఇంకో చుక్క నూనె వేశారు. అప్పుడు చక్రాలు కదిలాయి, పండు తిరిగింది, ఇనప చెయ్యి దానంతటది పండు నునుపు మీదుగా వంగుతూ వచ్చింది. ఎర్రటి తొక్క రిబ్బనులా, ఎక్కడా తెగకుండా, బల్ల మీదికి జారుతూ పోయింది. వందేళ్ళకి పైబడి అటక మీదో ఎక్కడో పడున్న ఇనుము అది. మాస్టారు నోరు తెరుచుకుని చూశారు. తొక్క పూర్తిగా ఊడిపోయాక కూడా పిడి తిప్పుతూనే ఉన్నారు. ఇంకోటి లేదా అని అడిగారు. పెరట్లో చెట్టుకున్న జామకాయలు కోసి తెస్తే, ఒక్కటి మిగల్చకుండా అన్నీ చెక్కు తీశారు. ఎంత తెలివిగా చేశాడే, ఈ చెయ్యి చూడు, పండు ఎంత వంకరగా ఉన్నా పట్టుకుపోతోంది అని మాకు చూపించారు. ఆయనతో ఉన్న అన్నేళ్ళలో ఒక వస్తువుని అది ఉన్నట్టుగా ఆయన చూడడం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

పండు ముక్కలు తింటూ పిన్నిగారు, ఈ సంగతి అవనిగడ్డ వెళ్ళి చెప్పి రండి అన్నారు. ఆయన ఇంకా పరిశోధించాలన్నారు. తర్వాత జ్వరమన్నారు. ఆ తర్వాత బస్సులు లేవన్నారు, మా వీధి చివర నుంచే బస్సుల హారన్లు వినిపిస్తుంటే. పిన్నిగారు ఒక రోజు చీర మార్చుకుని వచ్చి నిలబడ్డారు.

"మీ నోటి మూలంగా ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేశారు. మీరు వెళ్ళకపోతే నేను వెళ్తాను."

మాస్టారు చొక్కా తొడుక్కున్నారు. సంచి మొయ్యడానికి నన్ను తోడు తీసుకున్నారు.

అవనిగడ్డలో అన్నగారి అరుగు మీద కూర్చున్నాం. తమ్ముడు ఆ గుమ్మం తొక్కనని చెప్పి, తన పెరట్లో స్టూలు వేసుకుని నిలబడ్డాడు. గోడ మీద నుంచి మెడ, తల మాత్రం కనిపిస్తున్నాయి. మాస్టారు సంచిలోంచి యంత్రాన్ని తీసి పెట్టారు. ఎండ పడి తళతళలాడింది. ఆయన నిజం చెప్పడం మొదలుపెట్టారు. ఇక్కడొక చిక్కు వచ్చింది. నిజం చెప్పేటప్పుడు ఎక్కడ ఆగాలో ఆయనకి అలవాటు లేదు.

"ఇది యాపిల్ పళ్ళ చెక్కు తీసే మిషను. అమెరికాలో చేశారు. వందేళ్ళ పైమాట, అంతే. మీ ముత్తాత దుబాసీ కాదు. బందరులో దొరల బంగళాలో వంటవాడు. దొర ఊరు వెళ్తూ దీన్ని ఆయనకిచ్చాడు" అన్నారు.

వంటవాడికి ఆధారం ఏమిటంటే, దుబాసీకి ఉన్నంతే. అన్నగారు ముఖం గంటు పెట్టుకున్నాడు. యంత్రాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మాది నల్లగా ఉండేది కదండీ అన్నాడు. మా దాని మీద ఈ అక్షరాలు లేవన్నాడు. తుప్పు కింద ఉన్నాయయ్యా అన్నారు మాస్టారు.

"తుప్పు కాదు, కాలం అని మీరే కదండీ చెప్పారు?"

  అప్పుడు గోడ మీది తల మాట్లాడింది.

"మనది బరువుండేది, అన్నయ్యా."

ఏడాది దాటాక ఆ పిలుపు. గుమ్మంలో నిలబడ్డ అన్నగారి భార్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నగారు యంత్రాన్ని కింద పెట్టి గోడవైపు తిరిగాడు.

"ఏరా, నీకూ అలాగే అనిపిస్తోందా?"

"ముళ్ళు కూడా ఇంత లేవు. ఇది కొత్తది. బెజవాడలో ఎక్కడో కొన్నది."

"నువ్విటు రా."

తమ్ముడు స్టూలు దిగి, వీధి తిరిగి, దుబాసీ వారి ఇల్లు అని రాసి ఉన్న గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, తమ యంత్రం ఎంత పొడుగుండేదో, పిడి ఎటువైపు ఉండేదో చెప్పుకున్నారు. ప్రతి మాటలోనూ ఏకీభవించారు. లోపలి నుంచి కాఫీలు వచ్చాయి. మాస్టారికి వెండిగ్లాసులో ఇచ్చారు. ఆయన ఒకటి రెండు సార్లు మాట్లాడబోయారు గానీ, ఆ అన్నదమ్ముల మధ్య అంత ఆప్యాయంగా సాగుతున్న మాటల్లో చోటు దొరకలేదు.

బయల్దేరేటప్పుడు అన్నగారు యంత్రాన్ని తనే సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"మీది మీరు తీసుకెళ్ళండి, మాస్టారూ. మీరు పెద్దవారు. మేం కేసూ అదీ ఏమీ పెట్టం. మా అసలుది ఎక్కడుందో గుర్తొచ్చినప్పుడు ఒక్క కబురు చెయ్యండి, చాలు."

బస్టాండు దాకా ఇద్దరూ కలిసి ఒకే స్కూటరు మీద మా రిక్షా వెనకాల వచ్చారు. టిక్కెట్లు కూడా తీశారు. బస్సు కదిలేటప్పుడు తమ్ముడు అన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

పులిగడ్డ అక్విడక్టు దాటాక మాస్టారు నా దగ్గర్నుంచి సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. కండక్టరు టిక్కెట్లు అడిగితే, ఆయన నావైపు చాచారు. నేను అందుకుని చూపించాను. దొంగ అన్న మాట ఎవరూ అనలేదు, వెండిగ్లాసులో కాఫీ ఇచ్చి మరీ అనలేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది. 

చల్లపల్లిలో బస్సు ఆగింది. ఆయన సంచి మూతి కొంచెం విప్పి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు.

"ఒరే, మా ఆవిడ తోమేటప్పుడు నువ్వు పక్కన లేవు కదా" అన్నారు.

లేనన్నాను.

"నేనూ నిద్రపోతున్నాను. ఆ పెరటి తలుపుకి గడియ సరిగ్గా పడదు." సంచి మూతి మళ్ళీ కట్టారు. "ఇది నిజంగా ఆ యంత్రం కాకపోతే, నేను ముందు చెప్పినదాంట్లో తప్పేముంది?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు. బస్సు ఘంటసాల దాటేసరికి ఆయన గొంతు మామూలయింది. బందరు వచ్చేసరికి, ముళ్ళు నిజంగానే అంత పెద్దగా ఉండేవి కావని ఆయనకి గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే పిన్నిగారు ఏమైందని అడిగారు. కలిసిపోయారన్నారాయన. మంచిపని చేశారని ఆవిడ ఆయనకి ఇష్టమైన పెసరట్లు వేశారు. మిగతాదంతా మర్నాడు నేను చెప్పాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక పీట మీద కూర్చున్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయనతో ఈ సంగతి ఎత్తకండి బాబూ అన్నారు.

నేను గుడివాడకి బదిలీ అయి వెళ్ళేదాకా ఆ యంత్రం కథ వరండాలో నడుస్తూనే ఉంది. మూడు వందల ఏళ్ళ నాటి వలందావాళ్ళ జాజికాయ యంత్రం ఒకటి తన చేతుల్లోకి వచ్చిందనీ, దాని విలువ తెలిసిన దొంగలెవరో దాన్ని కాజేసి మామూలు మిషనొకటి అక్కడ పెట్టిపోయారనీ మాస్టారు వచ్చినవాళ్ళకి చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే బరువెక్కేది. వాళ్ళు అయ్యో అనేవారు. ఆ సమయానికి వంటింట్లోంచి పళ్ళచక్రాలు తిరుగుతున్న చప్పుడు వినిపించేది. అదేమిటండీ అని ఎవరైనా అడిగితే, మాస్టారు కుర్చీలోంచి కదలకుండానే చెప్పేవారు:

"ఏం లేదు. మా ఆవిడ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది."